బీఏ చదివితే ఏమొస్తుంది? హ్యుమానిటీస్ చదువు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తెలంగాణలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో నేను హిస్టరీ చెబుతాను. ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే ఫోన్లు మొదలవుతాయి. చేసేవాళ్లలో పిల్లలు తక్కువ, నాన్నలు, మేనమామలు ఎక్కువ. “సార్, మావాడు ఆర్ట్స్ అంటున్నాడు” అని గొంతు తగ్గించి, డాక్టరుకి జబ్బు చెప్పుకున్నట్టు చెబుతారు. అవే ప్రశ్నలు, అవే జవాబులు. ఒకచోట రాసి పెడితే నాకూ ఫోను బిల్లు తగ్గుతుంది, వాళ్లకీ నిదానంగా చదువుకునే వీలుంటుంది. ఎలాగైనా మా కోర్సులో చేర్పించుకోవాలన్న ఆత్రం నాకు లేదు. చేరొద్దని చెప్పాల్సిన చోట అదే చెప్పాను.

హ్యుమానిటీస్ అంటే ఏయే సబ్జెక్టులు?

సాహిత్యం, భాషలు, భాషాశాస్త్రం, చరిత్ర, తత్వశాస్త్రం, కళలు. తెలుగులో మానవీయ శాస్త్రాలు అంటారు. ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, సోషియాలజీ, ఆంత్రొపాలజీ లాంటివి సామాజిక శాస్త్రాల కిందికి వస్తాయి. మన డిగ్రీ కాలేజీల్లో ఈ గోడ పెద్దగా కనిపించదు. తెలంగాణలో హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ కలిపి హెచ్ఈపీ అని ఒకే బీఏలో చదివిస్తారు. అందుకే ఇక్కడ రెండింటి గురించీ కలిపే మాట్లాడుతున్నాను.

ఇంజనీరింగ్ సీటు రానివాళ్లు చేరేదే కదా బీఏ?

ఈ మాట పాతబడింది. ఇప్పుడు ఇంజనీరింగ్ సీటు దొరకడం కష్టం కాదు, ఫీజు కట్టడమే కష్టం. మా క్లాసులోకి వచ్చేవాళ్లలో ఆ ఫీజు కట్టలేనివాళ్లు ఉంటారు, పొద్దున పని చేసుకుని మధ్యాహ్నం కాలేజీకి రావాల్సినవాళ్లు ఉంటారు, గ్రూప్స్ రాయడానికి ఏదో ఒక డిగ్రీ కావాలనుకునేవాళ్లు ఉంటారు. హిస్టరీ మీద ఇష్టంతో వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇది దాచాల్సిన విషయమేమీ కాదు.

ఎలా వచ్చారన్నదాన్ని నేను పెద్దగా పట్టించుకోను. సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఫిలాసఫీ తీసుకున్నది దాని మీద ప్రేమతో కాదు. అదే కాలేజీలో చదివిన బంధువు ఒకాయన తన పాత పుస్తకాలు ఇచ్చాడు, పుస్తకాల ఖర్చు కలిసొస్తుందని చేరిపోయారు. ఆ తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్, దేశానికి రాష్ట్రపతి అయ్యారు. అందరూ అవుతారని కాదు నేననేది. ఏ గుమ్మంలోంచి వచ్చారన్నది మొదటి సెమిస్టరు అయ్యేసరికి ఎవరికీ గుర్తుండదు, అంతే.

“విశ్లేషణ శక్తి పెరుగుతుంది” అని అందరూ అంటారు. అసలు నేర్పేదేంటి?

కాగితం చదవడం నేర్పుతుంది. నవ్వకండి, చదవడం వచ్చనే మనందరం అనుకుంటాం. ఒక ఉదాహరణ చూడండి.

బాపట్ల జిల్లాలో, చీరాలకి దగ్గర్లో, సముద్రం ఒడ్డున మోటుపల్లి అనే ఊరుంది. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు. 1244లో గణపతిదేవుడు అక్కడ ఒక శాసనం వేయించాడు. దాన్ని అభయశాసనం అంటారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: సముద్ర వ్యాపారం చేసేవాళ్ల ఓడలు తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొస్తే ఇదివరకటి రాజులు సరుకంతా లాగేసుకునేవాళ్లు, మేము దయతలచి సుంకం తప్ప ఇంకేమీ తీసుకోము. ఆ కింద సుంకాలు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు, ఇలా సరుకుల పేర్లతో సహా.

గైడులో దీనికి ఒకటే వాక్యం ఉంటుంది: “గణపతిదేవుడు విదేశీ వాణిజ్యమును ప్రోత్సహించెను.” రెండు మార్కులు. పిల్లలు బట్టీపట్టి రాస్తారు, పరీక్ష అయ్యాక మర్చిపోతారు.

అదే శాసనం పాఠాన్ని క్లాసులో పెట్టుకుని లైను లైనూ చదివితే గంట సరిపోదు. ఇది ఎవరు చదవాలని చెక్కించారు? సంస్కృతం, తెలుగు రెండూ ఎందుకు? దయ అంటున్నాడు, నిజంగా దయేనా, లేక ఓడలు వేరే రేవులకి మళ్లిపోతున్నాయని కంగారా? ఇదివరకటి రాజులు దోచుకున్నారని చెప్పడం వల్ల లాభం ఎవరికి? ఒడ్డుకొచ్చిన సరుకు లాక్కోవడం మామూలు కాకపోతే దాన్ని ఆపేస్తున్నామని రాయి మీద చెక్కించాల్సిన అవసరం ఏమొచ్చింది? జాబితాలో ఖరీదైన సరుకులున్నాయి సరే, వాటిని ఓడలోంచి దించిన కూలీల మాట ఎక్కడైనా ఉందా?

వీటిలో కొన్నిటికి జవాబు ఆ రాతిలోనే దొరుకుతుంది. కొన్నిటికి వేరే శాసనాలు, విదేశీ యాత్రికుల రాతలు చూడాలి. కొన్నిటికి జవాబే ఉండదు. “ఇంతవరకు రాయి చెప్పింది, ఇక్కడి నుంచి నేను ఊహిస్తున్నాను” అని గీత గీసి చెప్పగలగడమే మా సబ్జెక్టు నేర్పే పని. మూడేళ్లూ ఈ ఒక్క గీత గీయడమే వేరు వేరు పద్ధతుల్లో నేర్చుకుంటారు.

ఆ గీత గీయడం వచ్చినవాడు కొత్త పారిశ్రామిక విధానం జీవోని మరోలా చదువుతాడు. ఇంటి లోను కాగితం మీద, ప్లాట్ల బ్రోచర్ మీద కూడా అవే ప్రశ్నలు వేస్తాడు. ఎవరు రాశారు, ఎవరికోసం, ఏం వదిలేశారు.

ఇంకో ముచ్చట. పాత దానశాసనాల చివర శాపం ఉంటుంది. తానిచ్చిందైనా, మరొకరిచ్చిందైనా ఈ భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. క్లాసంతా నవ్వుతుంది. ఓ ఏడాది వెనక బెంచీలో కూర్చునే పిల్లాడు లేచి, “ఇంత ఘోరంగా తిట్టారంటే అప్పుడు కూడా కబ్జాలు గట్టిగానే ఉండేవా సార్?” అన్నాడు. ఆ రోజుకి పాఠం అయిపోయినట్టే లెక్క.

సరే, ఉద్యోగం సంగతి?

బీఏ పట్టా ఒక్కటే చూసి కాలేజీకొచ్చి పిలిచి ఉద్యోగమిచ్చేవాళ్లు మా దగ్గర తక్కువ. ముందు ఈ మాట ఒప్పుకుంటే మిగతాది మాట్లాడుకోవచ్చు. బీఏ తరువాత ఇంకో మెట్టు ఎక్కాలి. ఆ మెట్టు ఏదో రెండో ఏడాదిలోనే తేల్చుకున్నవాళ్లు బాగుపడ్డారు. “చూద్దాంలే” అన్నవాళ్లు కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్నారు.

బీఈడీ చేసి డీఎస్సీ రాస్తే స్కూల్ అసిస్టెంట్ సోషల్ లేదా తెలుగు. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ. ఐసెట్ రాసి ఎంబీఏ. పీజీ చేస్తే జూనియర్ లెక్చరర్, దానికి నెట్ గానీ సెట్ గానీ, అంటే లెక్చరర్ అర్హత పరీక్ష, తోడైతే డిగ్రీ లెక్చరర్. బ్యాంకు పరీక్షలు, స్టాఫ్ సెలక్షన్ పరీక్షల్లో చాలావాటికి ఏ డిగ్రీ అయినా చాలు. పత్రికలు, టీవీ, డిజిటల్ మీడియా ఉన్నాయి. స్వచ్ఛంద సంస్థల్లో సర్వే పనులు, అనువాదం, ఓటీటీలకి సబ్‌టైటిళ్లు రాయడం, డబ్బింగ్ మాటలు రాయడం కూడా ఉన్నాయి. చివరి రెండింటికీ నెల జీతం అరుదు, పని లెక్కన డబ్బు.

పేపర్లలో కనపడని పనులు కూడా ఉంటాయి. తెలంగాణలో నిజాం కాలపు భూమి రికార్డులు ఉర్దూలో ఉన్నాయి. సేత్వార్ అనే పాత సర్వే రికార్డు మీద ఈరోజుకీ కోర్టుల్లో వాదనలు నడుస్తాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఎకరం ధర ఎంతో మీకు తెలుసు. ఆ ఎకరం ఎవరిదో చెప్పే కాగితం చదవగలిగేవాళ్లు మాత్రం జిల్లాకి కొద్దిమందే. ఉర్దూ చదివి ఏం చేస్తావని నవ్విన ఊళ్లోనే, పెద్ద పెద్ద వకీళ్లు ఉర్దూ వచ్చిన ముసలాయన ఇంటిముందు ఫైలు పట్టుకుని కూర్చోవడం నేను చూశాను. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి పారశీక కాగితాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. వాటిని చదవగల తరం వెళ్లిపోతోంది.

జీతం మాటకొస్తే, మొదటి నాలుగైదేళ్లు మీ ఇంజనీరింగ్ స్నేహితుడి జీతం మీకంటే ఎక్కువ ఉండే అవకాశమే ఎక్కువ. ఇంట్లో అప్పు తీర్చాల్సిన తొందర ఉంటే ఈ మాట పక్కన పెట్టొద్దు.

సివిల్స్, గ్రూప్-1 కోసం బీఏ చేయడం తెలివైన పనేనా?

సిలబస్ కలిసొచ్చే మాట నిజం. సివిల్స్ మెయిన్స్‌లో లెక్కలోకి వచ్చేవి 1750 మార్కులు. ఎస్సే 250, జనరల్ స్టడీస్ నాలుగు పేపర్లకి 1000, ఆప్షనల్‌కి 500. ఆప్షనల్స్‌లో హిస్టరీ, సోషియాలజీ, ఆంత్రొపాలజీ, ఫిలాసఫీ, తెలుగు సాహిత్యం అన్నీ ఉన్నాయి. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ ఆరు పేపర్లు మొత్తమ్మీద చూస్తే చరిత్ర, సమాజం, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ, రాష్ట్ర ఉద్యమం ఇవే ఎక్కువ.

కానీ సివిల్స్‌లో నెగ్గేవాళ్లలో ఇంజనీర్లే ఎక్కువ. 2017 సివిల్స్‌లో దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న దురిశెట్టి అనుదీప్ బిట్స్ పిలానీలో ఇంజనీరింగ్ చదివారు, ఆప్షనల్ ఆంత్రొపాలజీ. అంతకుముందు ఏడాది మూడో ర్యాంకు తెచ్చుకున్న శ్రీకాకుళం స్కూలు టీచర్ రోణంకి గోపాలకృష్ణ తెలుగు సాహిత్యం తీసుకున్నారు. దీన్నిబట్టి రెండు విషయాలు తెలుస్తున్నాయి. ఇంజనీరుకి కూడా చివరికి మా సబ్జెక్టులే చదవక తప్పలేదు. అవి చదవడానికి బీఏలోనే చేరాల్సిన అవసరమూ లేదు.

నా భయమల్లా వేరే. సివిల్స్ కోసమే బీఏలో చేరినవాడు మూడేళ్లూ కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్లు తప్ప ఇంకేమీ చదవడు. సివిల్స్ రాకపోతే, చాలామందికి రాదు, చేతిలో బీఏ ఉంటుంది కానీ బీఏ నేర్పాల్సింది ఉండదు.

తెలుగు మాతృభాష. దాన్ని మళ్లీ యూనివర్సిటీలో చదవడం దేనికి?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. కాస్త ఎక్కువ రాస్తాను.

మీరు ఇప్పుడు చదువుతున్న ఈ తెలుగు వందేళ్ల కిందట పుస్తకంలో వేస్తే పండితులు ఒప్పుకునేవాళ్లు కాదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడి రాజావారి కాలేజీలో చరిత్ర చెప్పేవారు. దగ్గర్లోని ముఖలింగం గుడిలో శాసనాలుంటే వాటి లిపిని తనంతట తానే నేర్చుకుని చదివారు. కొండల్లో సవర గిరిజనులు మాట్లాడే భాష విని, దాన్నీ నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే పాఠాలు రాశారు. జనం మాట్లాడే భాషకీ పుస్తకంలో భాషకీ మధ్య ఉన్న దూరం ఆయనకి సవర పిల్లల దగ్గరా కనిపించింది, తెలుగు పిల్లల దగ్గరా కనిపించింది. అక్కడి నుంచి వ్యావహారిక భాష కోసం దెబ్బలాట. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా చేస్తున్నాం. దండలు వేసే హడావుడిలో ఆయన హిస్టరీ మేష్టారన్న సంగతి చాలామందికి గుర్తుండదు. నాకు మాత్రం కొంచెం గర్వం.

తరువాతి కాలంలో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఇంకో పని చేశారు. ఊళ్లు తిరిగి రైతులు, నేతపనివాళ్లు వాడే మాటలు సేకరింపజేసి మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు. నాగలికి మేడి, కర్రు, కాడి ఉంటాయని మనలో కొందరికైనా తెలుసు. జిల్లా మారితే పేరు మారుతుంది. ట్రాక్టరు వచ్చాక నాగలి అటక ఎక్కింది, మాటలూ దాంతోపాటే ఎక్కాయి. ఆ రోజు రాసిపెట్టకపోయుంటే ఈరోజు అడగడానికి మనుషులే లేరు. ఇలాంటి పని ఏ కంపెనీ చేయదు, లాభం లేదు కాబట్టి. యూనివర్సిటీలు, అకాడమీలే చేయాలి.

ఎంఏ తెలుగులో చేరితే ఇలాంటిదే చేయిస్తారా అంటే, చేయించే గురువు దొరకాలి. చేరేముందు సీనియర్లని ఒక్కటడగండి: “మిమ్మల్ని బయటికి తీసుకెళ్లి పని చేయించారా, నోట్సు చెప్పి రాయించారా?”

చాట్‌జీపీటీ వ్యాసం రాసిపెడుతుంటే ఇంకా ఈ చదువులెందుకు సార్?

ఈ మధ్య అసైన్‌మెంట్లు ముచ్చటగా ఉంటున్నాయి. ఒక్క అచ్చుతప్పు ఉండదు. కింద పుస్తకాల పేర్లు కూడా ఉంటాయి. ఆ పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చి చూపించమంటే దొరకదు, ఎందుకంటే అది అసలు లేదు. యంత్రం లేనిదాన్ని ఉన్నట్టే రాస్తుంది, అదీ మంచి భాషలో. పైన నేను చెప్పిన గీత దానికి గీయడం రాదు. కాబట్టి ఆ గీత గీయగల మనిషి అవసరం ఇంతకుముందు కంటే పెరిగింది. ఇది నా సబ్జెక్టు మీద నాకున్న పక్షపాతం అనుకున్నా ఫరవాలేదు.

రెండోవైపు కూడా చూడండి. ఈ యంత్రాలకి తెలుగు నేర్పడానికే భాషాశాస్త్రం కావాలి. “వెళ్లలేకపోయినవాళ్లందరికీ” అన్నది మనకి ఒక మాట. అందులో వెళ్లడం, లేకపోవడం, వాళ్లు, అందరు, కి అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. దాన్ని ఎక్కడ విడగొట్టాలో కంప్యూటరుకి చెప్పాలంటే ముందు తెలుగు వ్యాకరణం తెలియాలి. హైదరాబాద్ ట్రిపుల్ఐటీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తోపాటు కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో ఎంఎస్ కలిపి చదివే కోర్సు ఉంది. లెక్కలూ ఇష్టం, భాషా ఇష్టం అనే పిల్లలకి నేను మొదట చెప్పేది దాని గురించే.

ఇంటర్‌లో ఎంపీసీ చదివాను. ఇప్పుడు మారొచ్చా?

మారొచ్చు. ఏ గ్రూపు పాసైనా బీఏలో చేరొచ్చు. తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల ద్వారా, ఆంధ్రలో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లు ఎకనామిక్స్‌లో చురుగ్గా ఉంటారు, లెక్కలంటే భయం ఉండదు కాబట్టి. వాళ్లకి కష్టమయ్యేది ఒకటే. ప్రశ్నకి ఒక్క సరైన జవాబు ఉండకపోవడం. మొదటి ఆరు నెలలు చిరాకు పడతారు.

ఇంజనీరింగ్ పూర్తిచేశాక రావాలనుకునేవాళ్లకీ దారి ఉంది. పీజీ ప్రవేశాలకి రాసే గేట్ పరీక్షలో 2021 నుంచి హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ పేపరు పెట్టారు.

ఏ యూనివర్సిటీ మంచిది?

సబ్జెక్టుని బట్టి మారుతుంది. 1974లో మొదలైన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తరువాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చన్న సంగతి చాలామంది పిల్లలకి తెలియనే తెలియదు. విదేశీ భాషలైతే తార్నాక దగ్గరి ఇఫ్లూ. ఇంగ్లిష్ టీచర్లకి శిక్షణ ఇవ్వడానికి 1958లో పెట్టిన సంస్థ అది, ఇప్పుడు అరబిక్, ఫ్రెంచ్, జర్మన్, జపనీస్, రష్యన్, స్పానిష్ చెబుతారు. ఉర్దూ మాధ్యమం కావాలంటే మౌలానా ఆజాద్ యూనివర్సిటీ. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ, ఆంధ్ర యూనివర్సిటీ, తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీలకి పాత పేరుంది, పాత లైబ్రరీలున్నాయి. ఖాళీ పోస్టులు కూడా ఉన్నాయి. మీరు చేరాలనుకునే డిపార్ట్‌మెంటులో పర్మినెంట్ అధ్యాపకులు ఎంతమందో ఫోన్ చేసి కనుక్కోండి. బిల్డింగు ఫొటో చూసి చేరొద్దు.

మా కాలేజీలో క్లాసులే జరగవు. అప్పుడేం చేయాలి?

ఇది నిజమైన బాధ. నేను పనిచేసిన ఒక కాలేజీలో మూడు సబ్జెక్టులకి ఒకే గెస్ట్ లెక్చరర్ ఉండేవాడు, ఆయనకీ ఏడు నెలలు జీతం రాలేదు. అలాంటిచోట పిల్లలు ఆల్-ఇన్-వన్ గైడు కొనుక్కుని పరీక్ష ముందు వారం రోజులు చదువుతారు, పాసవుతారు కూడా. అలా వచ్చిన బీఏ ఎందుకూ పనికిరాదని బయట అనే మాటని నేను కాదనలేను.

చేయగలిగింది కొంత ఉంది. నలుగురు కలిసి వారానికి ఒక పుస్తకం పెట్టుకుని చదవండి. జిల్లా గ్రంథాలయానికి వెళ్లండి, పరీక్షలకి చదివేవాళ్లతో కుర్చీలు నిండి ఉంటాయి కానీ వెనక బీరువాల దగ్గర ఎవరూ ఉండరు. చీరాల వైపు వాళ్లయితే వేటపాలెం సారస్వత నికేతనం చూడండి. 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత తెలుగు పత్రికలు అక్కడ దొరికినట్టు ఇంకెక్కడా దొరకవు. ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వచ్చి కూర్చుంటారు.

ఇంగ్లిష్ రాదు. తెలుగు మీడియంలో బీఏ చేస్తే ముందుకెళ్లగలనా?

వెళ్లగలరు, కానీ ఇంగ్లిష్ చదవడం నేర్చుకోకుండా కాదు. మాట్లాడటం తరువాత సంగతి. పీజీకి వచ్చేసరికి మంచి పుస్తకాల్లో ఎక్కువ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. రోజుకి ఒక పేజీ, డిక్షనరీ పక్కన పెట్టుకుని, తెలుగులో రాసుకుంటూ చదవండి. రెండేళ్లలో భయం పోతుంది. ఈ పనిలో అనువాదం కూడా నేర్చుకుంటారు, అది ఉచితంగా వచ్చే లాభం.

దూరవిద్యలో చేయొచ్చా?

పని చేసుకుంటూ చదవాల్సినవాళ్లకి మంచి దారి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మనదే, 1982లో పెట్టారు, ఇప్పటి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ. దాని తెలుగు పాఠ్యపుస్తకాలు రెగ్యులర్ పిల్లలు కూడా కొనుక్కుని చదువుతారు, అంత బాగుంటాయి. క్లాసులో ఎదురు ప్రశ్న వేసేవాళ్లు ఉండరన్నదే లోటు.

అమ్మాయికి పెళ్లయ్యేదాకా బీఏ చేయిద్దామనుకుంటున్నాం. ఏమంటారు?

పెళ్లయ్యేదాకా అన్న మాట తీసేసి మళ్లీ అడగండి.

మా క్లాసులో ఎక్కువమంది ఆడపిల్లలే. ఎక్కువగా చదివేదీ వాళ్లే. మూడో ఏడాదిలో సగం మంది పెళ్లి చూపులకని సెలవు చీటీ పట్టుకొస్తారు. నేను ఏమీ అనలేను, సంతకం పెడతాను.

పీహెచ్‌డీ చేయమంటారా?

ప్రశ్న మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే చేయండి. ఉద్యోగం రాలేదు కాబట్టి చేద్దామంటే వద్దు. నెట్‌లో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000. మన దగ్గర చాలా ఇళ్లు దాంతో నడుస్తాయి, అందుకే ఫెలోషిప్ కోసమే చేరేవాళ్లూ ఉన్నారు. ఐదారేళ్లు గడిచి, ఫెలోషిప్ ఆగిపోయి, లెక్చరర్ నోటిఫికేషన్ రాకపోతే ముప్పై రెండేళ్ల వయసులో ఎలా ఉంటుందో సీనియర్లని అడిగి తెలుసుకోండి. హాస్టల్లో ఉన్నవాళ్లని కాదు, ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్లని అడగండి.

ఎవరు చేరకూడదు?

చదవడం విసుగనిపించేవాళ్లు. వెంటనే జీతం కావాల్సిన ఇంటి పరిస్థితి ఉండి, చేతిలో వేరే దారి ఉన్నవాళ్లు. తనకి ముందే తెలిసిన అభిప్రాయాలకి రుజువులు వెతుక్కోవడానికి హిస్టరీ చదువుదామనుకునేవాళ్లు. ఈ మూడోరకం ఈమధ్య ఎక్కువయ్యారు. వాట్సాప్‌లో చదివిన చరిత్రతో వచ్చి, క్లాసులో అది నిలబడకపోతే కోపం తెచ్చుకుంటారు. కొందరు మారతారు, వాళ్లే తరువాత మంచి విద్యార్థులవుతారు కూడా. మిగతావాళ్లు ఫస్ట్ సెమిస్టరులోనే మానేస్తారు.

చేరాలని నిర్ణయించుకున్నాను. కాలేజీ తెరిచేలోపు ఏం చదవమంటారు?

పుస్తకం కంటే ముందు మీ ఊరు చదవండి. ఊరి పేరు ఎలా వచ్చిందో అడగండి. లంక, కుర్రు, పర్రు అని ఉంటే నీళ్లతో సంబంధం. అగ్రహారం, ఖండ్రిక అని ఉంటే ఎప్పుడో ఎవరికో దానమిచ్చిన భూమి. పాలెం అయితే ఏ పెద్ద ఊరికి పాలెమో చూడండి. పెద్దవాళ్లు ఒక కథ చెబుతారు, ఎక్కువసార్లు అది రాముడితోనో, పాండవులతోనో మొదలవుతుంది. కథ కథగానే రాసుకోండి, ఎవరు చెప్పారో పక్కన రాయండి. 1800 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ కోసం ఏలూరుకి చెందిన కావలి సోదరులు ఊరూరూ తిరిగి చేసిన పని ఇదే. అలా రాసిన ఊళ్ల చరిత్రలే ఈరోజు మనం కైఫియత్తులు అంటున్నవి. మీ ఊరిది ఉందేమో వెతకండి.

తరువాత గుడి దగ్గరికో, చెరువు కట్ట దగ్గరికో వెళ్లండి. అక్షరాలున్న రాయి ఏదైనా పడి ఉండొచ్చు. తెలుగులో దొరికిన అతి పాత శాసనాల్లో ఒకటైన కలమళ్ల శాసనం, 575 నాటిది, కడప జిల్లాలో ఒక గుడి ఆవరణలో అలాంటి రాయి మీదే ఉంది. మీకు కనిపించినదాని మీద సున్నం పూయకండి, చాక్‌పీస్‌తో దిద్దకండి. ఫొటో తీయాలంటే మధ్యాహ్నం వద్దు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ, ఎండ పక్కవాటంగా పడేటప్పుడు తీయండి. అరిగిపోయిన అక్షరాలు అప్పుడే నీడ పట్టి పైకి కనిపిస్తాయి.